మీలా లేని మనిషే మీ టీమ్‌కు బలం

గత సోమవారం జరిగిన మీ టీమ్ మీటింగ్ గుర్తు తెచ్చుకోండి. పదిమంది కూర్చున్నారు. గంటసేపు సాగింది. ఎంతమంది మాట్లాడారు? నిజాయతీగా లెక్కపెట్టండి. ముగ్గురు. మహా అయితే నలుగురు. మిగతావాళ్లు తలూపారు, నోట్స్ రాసుకున్నారు, లేచి వెళ్లిపోయారు.

ఇప్పుడు రెండో ప్రశ్న. మాట్లాడనివాళ్లు ఎవరు?

తెలుగు మీడియంలో చదువుకుని, ఇంగ్లిష్ వాక్యాన్ని మనసులో రెండుసార్లు సరిచూసుకునేలోపే టాపిక్ మారిపోయిన కుర్రాడు. భువనేశ్వర్ నుంచి వచ్చి, మీ తెలుగు జోకులు అర్థంకాక చిరునవ్వుతో సరిపెట్టుకునే అమ్మాయి. మెటర్నిటీ లీవ్ నుంచి తిరిగొచ్చి, ఈ మధ్యలో ఏం మారిందో ఎవరూ చెప్పని సీనియర్ డెవలపర్. కొత్త టూల్ పేరు తప్పు పలుకుతానేమోనని నోరు మెదపని యాభై ఏళ్ల అకౌంటెంట్.

వీళ్లందరికీ చెప్పడానికి చాలా ఉంది. చెబితే వింటారన్న నమ్మకమే లేదు. ఆ నమ్మకం కలిగించాల్సింది మీరే. మీరు మేనేజరైనా సరే, నిన్నగాక మొన్న చేరిన ట్రైనీ అయినా సరే.

డైవర్సిటీ అనగానే అది హెచ్‌ఆర్ వాళ్ల వ్యవహారం అనుకుంటాం. ఏడాదికోసారి ఒక పోస్టర్, ఒక ఎత్నిక్ డే, ఒక గ్రూప్ ఫొటో. ఉండనివ్వండి, తప్పేం లేదు. కానీ రకరకాల మనుషుల్ని ఉద్యోగంలో చేర్చుకోవడంతో సగం పని కూడా పూర్తి కాదు. వాళ్ల మాట వల్ల ఒక్క నిర్ణయమైనా మారిందా? అసలు పరీక్ష అది. ఆ పరీక్ష పాసవడానికి గొప్ప టాలెంట్ అక్కర్లేదు. కొన్ని అలవాట్లు కావాలి. అలవాట్లు ఎవరైనా మార్చుకోగలరు. మీరూ మార్చుకుంటారు.

కెప్టెన్ వినని ప్రశ్న

1977 మార్చి 27. స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలోని విమానాశ్రయం. దట్టమైన పొగమంచు. కేఎల్‌ఎం విమానం టేకాఫ్‌కు సిద్ధంగా ఉంది. అదే రన్‌వే మీద పాన్ యామ్ విమానం ఇంకా కదులుతూనే ఉంది. రెండూ బోయింగ్ 747లే. టవర్ నుంచి టేకాఫ్ అనుమతి రాకుండానే కేఎల్‌ఎం కెప్టెన్ విమానాన్ని పరుగెత్తించాడు.

రేడియోలో వినిపించిన మాటలతో కాక్‌పిట్‌లోని ఫ్లైట్ ఇంజినీర్‌కు అనుమానం వచ్చింది. పాన్ యామ్ ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదా అని అడిగాడు కూడా. చేసిందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఇంజినీర్ ఆ తర్వాత పట్టుబట్టలేదు. కొన్ని క్షణాల్లో రెండు విమానాలూ ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. విమాన ప్రమాదాల చరిత్రలో అంతకంటే పెద్దది ఇప్పటికీ లేదు.

ఆ కెప్టెన్ పని తెలియనివాడు కాదు. తన సంస్థలో మిగతా పైలట్లకు శిక్షణ ఇచ్చేంత సీనియర్. అందుకే ఆయనకు ఎదురు చెప్పడం అంత కష్టమైంది. ఇలాంటి ప్రమాదాల తర్వాత విమానయాన రంగం తన అలవాట్లనే మార్చుకుంది. 1979లో నాసా దీనిమీద వర్క్‌షాప్ పెట్టింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. దాన్నే ఇప్పుడు క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటున్నారు. సారాంశం ఒక్కటే: అనుమానం వస్తే జూనియర్ అడగాలి, అది డ్యూటీ. సీనియర్ ఆగి వినాలి, అదీ డ్యూటీ.

గమనించారా? ఆ కాక్‌పిట్‌లో వేరే జాతి, వేరే భాష గొడవ లేదు. ఉన్న తేడా హోదాలోనే. వయసు, హోదా, అనుభవం కూడా డైవర్సిటీలో భాగమే. మన ఆఫీసుల్లో అన్నిటికంటే పెద్ద గోడ కూడా అదే.

గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు 1967 నుంచి 1973 వరకు అనేక దేశాల్లో ఐబీఎం ఉద్యోగుల మధ్య జరిగిన సర్వేలను విశ్లేషించారు. పైవాళ్లకూ కిందివాళ్లకూ మధ్య దూరాన్ని జనం ఎంత సహజంగా ఒప్పుకుంటారో చూసి, పవర్ డిస్టెన్స్ పేరుతో స్కోర్లు ఇచ్చారు. డెన్మార్క్‌కు 18. అమెరికాకు 40. మనకు 77. ఆశ్చర్యమేముంది? ‘పెద్దవాళ్లకు ఎదురు చెప్పకు’ అన్న మాట వింటూ పెరిగినవాళ్లం. అది ఇంట్లో మర్యాద. ప్రాజెక్ట్ మీటింగ్‌లో అదే ప్రమాదం.

కాబట్టి మీటింగ్ చివర్లో ‘ఎనీ క్వశ్చన్స్?’ అని అడిగి వదిలేస్తే ఎవరూ నోరు తెరవరు. ఇలా చేయండి.

• మీరు చివర మాట్లాడండి. మీరు సీనియరైతే మీ అభిప్రాయం ముందు చెప్పగానే మిగతావాళ్ల అభిప్రాయాలు అక్కడే ఆగిపోతాయి.

• అందరికంటే జూనియర్‌తో మొదలుపెట్టండి. కానీ ఉన్నట్టుండి అడిగి ఇరుకున పెట్టకండి. ‘రేపు ఈ విషయంలో నీ అభిప్రాయం అడుగుతాను, ఆలోచించి రా’ అని ముందురోజే మెసేజ్ పెట్టండి. మాటలు వెతుక్కునే మనిషికి ఆ ఒక్క రాత్రి చాలు.

• రాసి చెప్పే దారి కూడా ఉంచండి. కొందరు నలుగురిలో మాట్లాడలేరు, చాట్‌లో మాత్రం అద్భుతంగా రాస్తారు. మాట్లాడటం రాకపోతే ఆలోచన రానట్టు కాదు.

• ప్రశ్న మారిస్తే జవాబు మారుతుంది. ‘ఓకేనా?’ అంటే అందరూ ఓకే అంటారు. ‘ఈ ప్లాన్ ఎక్కడ దెబ్బతింటుంది? ఒక్కొక్కరూ ఒక్కటి చెప్పండి’ అనండి. అప్పుడు తప్పు వెతకడమే వాళ్ల పని అవుతుంది. భయం సగం తగ్గుతుంది.

అందరూ ఒకేమాట అంటున్నారా? జాగ్రత్త

‘మా టీమ్‌లో అందరం ఒకేలా ఆలోచిస్తాం సర్. గొడవలే ఉండవు.’ చాలామంది మేనేజర్లు గర్వంగా చెప్పే మాట ఇది. నాకైతే వినగానే భయమేస్తుంది. పదకొండు మందీ ఓపెనింగ్ బ్యాట్స్‌మెన్ అయిన జట్టులో బౌలింగ్ ఎవరు వేస్తారు?

క్యాథరిన్ ఫిలిప్స్, క్యాటీ లిల్జెన్‌క్విస్ట్, మార్గరెట్ నీల్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు 2009లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల చిన్న చిన్న బృందాలకు ఒక హత్య కేసు వివరాలిచ్చి, హంతకుడు ఎవరో తేల్చమన్నారు. మధ్యలో ఒక కొత్త మనిషిని పంపారు. కొన్ని బృందాలకు సొంత గ్రూపు మనిషి వచ్చాడు. కొన్నిటికి బయటి గ్రూపు మనిషి. బయటి మనిషి వచ్చిన బృందాలే ఎక్కువగా సరైన జవాబు చెప్పాయి. ఇక్కడే అసలు విషయం ఉంది. ‘చర్చ బాగా సాగింది, మా జవాబు కరెక్ట్’ అన్న నమ్మకం మాత్రం ఆ బృందాల్లోనే తక్కువ!

ఈ ఫలితాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. వేరే రకం మనిషి టీమ్‌లోకి వస్తే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. వివరించి చెప్పాల్సి వస్తుంది. మీరు మామూలే అనుకున్నదాన్ని అతను ‘ఎందుకు?’ అంటాడు. చర్చ సాగుతుంది. చిరాకు వస్తుంది. రానివ్వండి. ఆ చిరాకు వచ్చిన చోటే మీ బుర్ర పనిచేయడం మొదలైంది.

ఐటీలో ఉన్నవాళ్లకు ఇంకో ఉదాహరణ. ఎంఐటీ పరిశోధకురాలు జాయ్ బూలంవినీ, టిమ్నిట్ గెబ్రూతో కలిసి 2018లో పెద్ద కంపెనీల ఫేస్ అనాలిసిస్ సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఫొటోలో ఉన్నది ఆడా మగా అని చెప్పడమే ఆ సాఫ్ట్‌వేర్ పని. తెల్లని రంగు మగవాళ్ల విషయంలో పొరపాట్లు 0.8 శాతం దాటలేదు. నల్లని రంగు ఆడవాళ్ల విషయంలో ఒక సాఫ్ట్‌వేర్ 34.7 శాతం దాకా తప్పు చెప్పింది. అమ్మకానికి వచ్చేదాకా ఆ తప్పు ఎవరి కంటా పడలేదు. మనలాంటివాళ్ల ఫొటోలతోనే టెస్ట్ చేసుకుంటే మనకు అంతా బాగానే కనిపిస్తుంది. మన హైదరాబాద్ ఆఫీసుల్లో కూర్చుని ప్రపంచానికంతా కోడ్ రాస్తున్న మనకు ఈ పాఠం చాలా ముఖ్యం.

‘మనవాడే’ అన్న మాట

ఇంటర్వ్యూ పూర్తవుతుంది. అభ్యర్థి తలుపు తీసుకుని వెళ్లగానే ప్యానెల్‌లో ఒకరు నవ్వుతూ అంటారు: ‘మనవాడే.’

అదే కాలేజీ కావచ్చు. అదే జిల్లా కావచ్చు. చాలాసార్లు అదే కులం. మనం దీన్ని సూటిగా అడగం. ఇంటిపేరు అడుగుతాం. ‘ఏ ఊరు?’ అంటాం. ‘ఆ ఊళ్లో ఎవరి తాలూకు?’ అంటాం. భోజనంలో నాన్‌వెజ్ తింటారా అని ఆరా తీస్తాం. అడిగేవాడికి అది మాటా మంతీ. జవాబు చెప్పేవాడికి గుండె దడ. ఏ జవాబు చెబితే ఎదుటి మనిషి ముఖం మారుతుందో అతను చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాడు.

డైవర్సిటీ గురించి పెద్ద పెద్ద ప్రెజెంటేషన్లు ఇస్తూ కులం మాట ఎత్తకపోతే ఆ ప్రెజెంటేషన్లు దండగ. ఈ అలవాటు మన సూట్‌కేసుల్లో సముద్రాలు కూడా దాటింది. తెలుగువాళ్లు వేల సంఖ్యలో పనిచేసే సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అంతదూరం వెళ్లాక కూడా అక్కడ ఆ చట్టం అవసరమైందంటే మనం ఆలోచించాలి.

ఎలా మారాలి? అమెరికా ఆర్కెస్ట్రాలు ఒక దారి చూపించాయి. 1970లలో, 80లలో చాలా ఆర్కెస్ట్రాలు ఆడిషన్లలో అభ్యర్థికీ న్యాయనిర్ణేతలకూ మధ్య తెర కట్టడం మొదలుపెట్టాయి. ఎవరు వాయిస్తున్నారో కనిపించదు, సంగీతమే వినిపిస్తుంది. నడకలో హైహీల్స్ చప్పుడు వినిపిస్తే ఆడమనిషని తెలిసిపోతుందని కొన్నిచోట్ల నేలమీద కార్పెట్ కూడా పరిచారు! 1970లో అక్కడి టాప్ అయిదు ఆర్కెస్ట్రాల్లో మహిళలు 5 శాతం కూడా లేరు. 1997 నాటికి 25 శాతం అయ్యారు. కారణాలు ఇంకా ఉన్నాయి. కానీ తెర పాత్ర ఉందని క్లాడియా గోల్డిన్, సెసీలియా రౌజ్ 2000లో తమ పరిశోధనలో రాశారు. ఆ గోల్డిన్‌కే 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మీ ఇంటర్వ్యూ గదిలో తెర కట్టలేకపోవచ్చు. ఈ మూడు మాత్రం చేయగలరు. అభ్యర్థులందరినీ అవే ప్రశ్నలు, అదే వరుసలో అడగండి. ప్యానెల్‌లో చర్చ మొదలుకాకముందే ఎవరి మార్కులు వాళ్లు కాగితం మీద వేసేయండి. పనికి సంబంధం లేని ఊరి ప్రశ్న, ఇంటిపేరు ప్రశ్న, పెళ్లి ప్రశ్న మానేయండి. ఇక ఎవరైనా ‘మనవాడే’ అంటే ఒక్కమాట అడగండి: ‘ఏ స్కిల్ చూసి?’

లంచ్ టేబుల్ దగ్గర

డైవర్సిటీ కాన్ఫరెన్స్ హాల్లో గెలవదు. లంచ్ టేబుల్ దగ్గర గెలుస్తుంది, లేదా ఓడిపోతుంది.

ఒక టేబుల్ చూద్దాం. ఆరుగురు తెలుగువాళ్లు, గువాహటి నుంచి వచ్చిన ఒక అబ్బాయి. బాక్సులు తెరుస్తూ మాటలు హిందీలో మొదలవుతాయి. గోంగూర పచ్చడి రుచి చూపిస్తారు. రెండు నిమిషాలు బాగానే ఉంటుంది. ఎవరో ఒక సినిమా పేరెత్తుతారు. అంతే, మాటలు తెలుగులోకి జారిపోతాయి. ఆరుగురూ పగలబడి నవ్వుతారు. అతనూ కొంచెం నవ్వుతాడు, ఎందుకో తెలియకుండానే. తర్వాత ఫోన్ తీస్తాడు. నాలుగో రోజు ‘పని ఉంది’ అని డెస్క్ దగ్గరే తింటాడు. కొన్ని నెలలకు రిజైన్ చేస్తాడు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ‘పర్సనల్ రీజన్స్’ అని రాస్తాడు.

ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. అయినా వెళ్లిపోయాడు.

తెలుగులో మాట్లాడొద్దని నేను అనను. మన భాష మనకు ఊపిరి. కానీ టేబుల్ దగ్గర ఆ ఒక్క మనిషి ఉన్నంతసేపు ఎవరో ఒకరు బాధ్యత తీసుకోండి. నవ్వుకున్న జోకు ఏమిటో అతనికి ఒక్క వాక్యంలో చెప్పండి. మాటలు తెలుగులోకి జారినప్పుడు అతన్ని ఒక ప్రశ్న అడిగి అందరికీ తెలిసిన భాషలోకి తిరిగి తీసుకురండి. వీలైతే నాలుగు తెలుగు మాటలు నేర్పండి. మీరు బెంగళూరులోనో డల్లాస్‌లోనో కొత్తగా చేరిన రోజుల్లో, అర్థంకాని నవ్వుల మధ్య కూర్చున్నది మర్చిపోలేదు కదా?

మనలో మనకున్న తేడాల సంగతీ చూద్దాం. శ్రీకాకుళం అమ్మాయి ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతుంటే వెనక నుంచి యాస అనుకరించేవాళ్లు ఉంటారు. సిద్దిపేట కుర్రాడు నోరు తెరవగానే ‘మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు’ అని నవ్వేవాళ్లు ఉంటారు. కడప మనిషని తెలియగానే బాంబుల జోకు తప్పదు. ఎన్నో ఏళ్లు మన సినిమాలు కొన్ని యాసల్ని కమెడియన్లకీ రౌడీలకీ ఇచ్చేశాయి. ఆ అలవాటు మనం ఆఫీసుకు మోసుకొచ్చాం. ‘సరదాకే కదా, వాడూ నవ్వాడు’ అంటారా? ఎనిమిది మంది నవ్వుతుంటే తొమ్మిదో మనిషి నవ్వకుండా ఎలా ఉంటాడు? ఇవాళే మానేయండి. పక్కవాళ్లు చేస్తుంటే నవ్వకండి. మీరు నవ్వకపోతే చాలు, జోకు అక్కడే చచ్చిపోతుంది.

అలాగే సెక్యూరిటీ గార్డును, హౌస్‌కీపింగ్ ఆవిడను ఎలా పిలుస్తున్నారో గమనించుకోండి. మీ అమ్మ వయసున్న మనిషిని ‘నువ్వు’ అంటూ, పాతికేళ్ల క్లయింట్‌ను ‘మీరు’ అంటుంటే మీరిచ్చే గౌరవం జీతాన్ని బట్టి ఉందన్నమాట. మార్చుకోండి. ఒక్క రోజు చాలు.

భాష పూర్తిగా వేరైనప్పుడు ఇంకొంచెం శ్రద్ధ కావాలి. పెనుకొండ దగ్గరి కియా కార్ల ఫ్యాక్టరీని చూడండి. 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం జరిగింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. కరవు జిల్లాగా పేరుపడ్డ చోట కొరియా ఇంజినీర్లు, రాయలసీమ కుర్రాళ్లు పక్కపక్కన పనిచేసే రోజులొచ్చాయి. అనంతపురం వైపు కొరియన్ రెస్టారెంట్లు వెలిశాయి. శ్రీసిటీలోనూ అంతే, జపాన్, కొరియా, చైనా కంపెనీలు ఒకేచోట ఉన్నాయి. ఇలాంటిచోట పనిచేస్తుంటే ఒక అలవాటు మీ కెరీర్‌నే కాపాడుతుంది. ఎదుటివాళ్లు చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పండి. తేదీ, సంఖ్య కాగితం మీద రాసి చూపించండి. కాదని చెప్పలేక ‘అయిపోతుంది సర్’ అనకండి. కుదరకపోతే కుదరదని, ఎప్పటికి కుదురుతుందో కలిపి చెప్పండి. మర్యాద తగ్గదు, నమ్మకం పెరుగుతుంది.

జాలి పక్కన పెట్టండి, ఏర్పాటు చేయండి

బొల్లా శ్రీకాంత్ కథ మీకు తెలిసే ఉంటుంది. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసైనా, చూపు లేనివాళ్లకు సైన్స్ గ్రూప్ ఇవ్వం అన్నారు. కోర్టుకు వెళ్లి గెలిచారు. ఐఐటీ కోచింగ్ సెంటర్లు చేర్చుకోలేదు. అమెరికాలోని ఎంఐటీ చేర్చుకుంది. చదువు పూర్తిచేసుకుని 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. రతన్ టాటా అందులో పెట్టుబడి పెట్టారు. ఎంతోమంది దివ్యాంగులకు అక్కడ ఉద్యోగాలు దొరికాయి. 2024లో ఆయన జీవితం మీద హిందీ సినిమా కూడా వచ్చింది.

మనం ఈ కథ చదివి ‘ఎంత పట్టుదల!’ అని చప్పట్లు కొడతాం. నేను మిమ్మల్ని ఇంకోవైపు నుంచి చూడమంటున్నాను. అడ్డుకున్నది ఆయన కళ్లా? కాదు, రూల్స్ రాసినవాళ్లు. పాఠాలను ఆడియోగా అందించిన టీచర్ ఉన్నారు కాబట్టి ఆయన చదవగలిగారు. అంత చిన్న ఏర్పాటుతో అంత పెద్ద ఫలితం వచ్చింది. మరి మీ ఆఫీసులో అలాంటి మనిషికి కోర్టు దాకా వెళ్లాల్సిన అవసరం ఎందుకు రావాలి?

దివ్యాంగుడైన సహోద్యోగి చేరితే ఒక్కటే అడగండి: ‘మీరు బాగా పనిచేయడానికి ఏం కావాలి?’ ఊహించుకుని మీరే నిర్ణయించకండి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లుంటే స్కాన్ చేసిన ఫొటోలు పంపకండి, టైప్ చేసిన ఫైల్ పంపండి. వినికిడి సమస్య ఉన్నవాళ్లుంటే వీడియో కాల్‌లో క్యాప్షన్స్ ఆన్ చేయండి. వీటికి పైసా ఖర్చు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. వాటిలో కొన్ని బయటికి కనిపించవు. కాబట్టి కనిపించినవాళ్లనే కాదు, అందరినీ అడిగే అలవాటు చేసుకోండి.

ఉద్యోగం ఇచ్చేశాం కదా, ఇంకేం కావాలి అంటారా? 2017లో కొచ్చి మెట్రో ఇరవై మందికి పైగా ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిచ్చింది. దేశమంతా మెచ్చుకుంది. మొదట్లోనే కొందరు మానేశారు. కారణం పనిలో లేదు. వాళ్లకు ఆ ఊళ్లో ఇల్లు అద్దెకు దొరకడమే కష్టమైంది. 2024 డిసెంబరులో మన హైదరాబాద్‌లోనూ ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. మంచి అడుగు. అది నిలబడటం వాళ్లతో కలిసి పనిచేసేవాళ్ల చేతుల్లో, ఇల్లు అద్దెకిచ్చే మన చేతుల్లో ఉంది. అలాంటి సహోద్యోగి మీకుంటే వాళ్లు చెప్పిన పేరుతో పిలవండి. శరీరం గురించి ప్రశ్నలు అడగకండి. పని గురించి మాట్లాడండి.

ఆమె ఐడియా, అతని పేరు

ఒక మహిళ మీటింగ్‌లో ఒక సూచన చేస్తుంది. ఎవరూ పట్టించుకోరు. పది నిమిషాల తర్వాత అదే సూచన ఒక మగ గొంతులో వస్తుంది. ‘సూపర్ ఐడియా!’ అంటారు. మీరు ఇది చూసే ఉంటారు.

ఒబామా హయాంలో వైట్‌హౌస్‌లో పనిచేసిన మహిళలు దీనికి ఒక మందు కనిపెట్టారు. ఒక మహిళ మంచి పాయింట్ చెబితే ఇంకో మహిళ వెంటనే ఆమె పేరుతో సహా దాన్ని మళ్లీ చెప్పేది. అప్పుడు ఆ ఐడియా ఎవరిదో ఎవరూ మర్చిపోలేరు. మీరూ చేయండి. మగవాళ్లు ముఖ్యంగా చేయండి. ‘ఇందాక లక్ష్మిగారు చెప్పింది కూడా ఇదే’ అనడానికి రెండు సెకన్లు చాలు.

టైమింగ్స్ కూడా చూసుకోండి. రోజూ సాయంత్రం ఆరున్నరకు ముఖ్యమైన మీటింగ్ పెడితే పిల్లల్ని తెచ్చుకోవాల్సినవాళ్లు వెనకబడతారు. వాళ్లు బద్ధకస్తులు కారు, మీ క్యాలెండరే వాళ్లను బయటికి నెట్టింది. రంజాన్ నెలలో మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ముస్లిం ఉద్యోగులను గంట ముందు ఇంటికి పంపుతాయి. మీ ప్రైవేటు టీమ్ కూడా ఆ ఒక్క గంట సర్దుకోగలదు. క్రిస్మస్ రోజున రిలీజ్ డేట్ పెట్టేముందు ఒక్కసారి టీమ్ వైపు చూడండి.

తప్పు మాట జారితే

జారుతుంది. ఎవరికైనా జారుతుంది. తర్వాత మీరేం చేస్తారన్నదే ముఖ్యం.

మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014 అక్టోబరులో, మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన ఏడాదే, మహిళా టెక్ నిపుణుల సదస్సులో మాట్లాడారు. మహిళలు జీతం పెంచమని అడగడం కంటే వ్యవస్థ మీద నమ్మకం ఉంచడం మంచిదన్న అర్థంలో జవాబిచ్చారు. విమర్శలు వెల్లువెత్తాయి. అదే రోజు ఆయన తన ఉద్యోగులకు ఈమెయిల్ రాశారు. తన జవాబు పూర్తిగా తప్పని, జీతం పెంచాలనిపిస్తే నేరుగా అడగాలని స్పష్టంగా చెప్పారు. ‘నా మాటలు వక్రీకరించారు’ అనలేదు.

మీరూ అంతే చేయండి. చిన్నగా, సూటిగా, వెంటనే. ‘నేనన్నది తప్పు. సారీ. ఇకమీద అనను.’ దీనికి ‘నా ఉద్దేశం అది కాదు’ అని తోక తగిలించకండి. మీ ఉద్దేశం మీకే తెలుసు. దెబ్బ తగిలింది ఎదుటివాళ్లకు.

ఆ ఒక్క మనిషి మీరే అయితే

టీమ్‌లో ఒకే ఒక్క మహిళ, ఒకే ఒక్క దళిత ఉద్యోగి, ఒకే ఒక్క తెలుగు మీడియం మనిషి, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒకే ఒక్కరు మీరే కావచ్చు. మీకు రెండు మాటలు.

మొదటిది. సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లలో ఒక ప్రయోగం చేశారు. గీతల పొడవు పోల్చాలి, అంతే. చుట్టూ ఉన్నవాళ్లంతా కావాలనే తప్పు జవాబు చెబుతుంటే, కళ్లముందు నిజం కనిపిస్తున్నా మూడోవంతుకు పైగా జవాబులు వాళ్ల దారిలోనే వెళ్లాయి. గదిలో ఇంకొక్కరు నిజం చెప్పగానే ఆ లొంగుబాటు బాగా పడిపోయింది. ఒక్కరు చాలు. కాబట్టి మీకు తోడుగా ఒక్క మనిషిని సంపాదించుకోండి. మీటింగ్‌కు ముందే మీ పాయింట్ ఆయనకో ఆమెకో చెప్పండి. ‘నేను ఇది ఎత్తుతాను, మీరు మద్దతివ్వండి’ అని అడగండి. సిగ్గుపడకండి. అందరూ అలాగే చేస్తారు.

రెండోది. ఇబ్బందినీ వేధింపునూ కలిపేయకండి. అర్థంకాని జోకు ఇబ్బంది, మాట్లాడుకుంటే సర్దుకుంటుంది. అవమానం, బెదిరింపు, లైంగిక వేధింపు అలాంటివి కావు. వాటిని ఓర్చుకోవడం వ్యక్తిత్వ వికాసం కాదు. తేదీ, సమయం, ఎవరెవరు అక్కడున్నారో ఆరోజే రాసుకోండి. మెసేజ్‌లు డిలీట్ చేయకండి. మహిళలపై లైంగిక వేధింపుల విషయంలో 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలల గడువు దొరుకుతుంది. కమిటీ 90 రోజుల్లో విచారణ పూర్తిచేయాలి.

మీ ఆఫీసులో ఆ కమిటీ సభ్యులెవరో మీకు తెలుసా? తెలియకపోతే ఈ వారంలోనే అడిగి తెలుసుకోండి. వాళ్ల పేర్లు అందరికీ కనిపించేలా నోటీసు బోర్డు మీద ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పెట్టించండి. ఎవరైనా ఫిర్యాదు చేయడానికి భయపడుతుంటే వాళ్లతోపాటు మీరూ వెళ్లండి.